పిల్లికూతలు ఆగిన రాత్రి: ఒక పిల్లల ఐసీయూ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఐసీయూ వరకే అయితే ఐదుకి ఐదూ ఇచ్చేదాన్ని, ఆ ఒక్కటీ ఎక్కడ తగ్గిందో కింద రాశాను. ఆసుపత్రి గుంటూరులో ఉంది, పిల్లలకి మాత్రమే. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో మెచ్చుకున్నవీ ఉన్నాయి, బాధపడ్డవీ ఉన్నాయి, పైగా ఇది చదివేవాళ్లలో ఎవరు ఏ ఊళ్లో ఉంటారో తెలియదు కదా, ఆస్తమా ఎక్కువైన బిడ్డని చంకనేసుకుని మీరు ఏ ఆసుపత్రికి పరిగెత్తినా అక్కడ ఏం జరగాలో ఒక అంచనా ఉండాలని రాస్తున్నాను. ఆ రాత్రి నాకు ఆ అంచనా లేదు.

మా బాబుకి ఆరేళ్లు, పంతొమ్మిది కిలోలు. రెండో ఏడు నుంచీ జలుబు చేసిందంటే చాలు, ఛాతీలోకి దిగిపోయి పిల్లికూతలు మొదలయ్యేవి. పోయినేడాది డాక్టర్ గారు రోజూ రెండు పూటలా పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాశారు. రెండు నెలలు వాడాం, దగ్గు పూర్తిగా పోయింది, దగ్గే లేనప్పుడు మందెందుకని మానేశాం. మానేయమని డాక్టర్ చెప్పలేదు, మేమే మానేశాం. ఇన్‌హేలర్ అలవాటు పడితే జీవితాంతం వదలదని మా చుట్టాల్లో చెప్పనివాళ్లు లేరు, మేమూ నమ్మాం.

ఈ సంక్రాంతికి తెనాలి దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. వాడికి అప్పటికే రెండు రోజులుగా ముక్కు కారుతోంది. తెల్లవారుజామున నాలుగున్నరకి భోగిమంట వేశారు, పాత తలుపు చెక్కలు, విరిగిన కుర్చీలు, ఎవరో పాత టైరు కూడా తెచ్చి పడేశారు. పిడకల దండ తనే వేయాలని వీడు మంటకి దగ్గరగా నిలబడ్డాడు, గాలి ఎటు తిరిగితే అటు ఆ నల్ల పొగ. మధ్యాహ్నానికి దగ్గు, నాలుగింటికి పిల్లికూతలు. పక్క ఊళ్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే నెబులైజర్ పెట్టారు, కాస్త తేలిక పడ్డాడు, ఇంటికొచ్చాం. రాత్రి తొమ్మిదికి మళ్లీ అదే ఆయాసం, మళ్లీ అక్కడికే, డాక్టర్ గారు పండక్కి వెళ్లిపోయారట, కాంపౌండర్ ఇంకో నెబులైజర్ పెట్టి పొద్దున్నకి తగ్గిపోతుంది లెండి అన్నాడు. రెండుసార్లలో ఒక్కసారి కూడా వాడి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టలేదు, స్టెరాయిడ్ మందు ఒక్క డోసు ఇవ్వలేదు. ఐదారు గంటల తేడాలో రెండోసారి నెబులైజర్ అవసరమైందంటే ఆ బిడ్డ ఇంటికి పంపాల్సిన బిడ్డ కాదని ఇప్పుడు నాకు తెలుసు.

రాత్రి ఒంటిగంట దాటాక కూతలు ఆగిపోయాయి. అత్తయ్య, "సద్దుమణిగింది అమ్మాయ్, ఇక పడుకోనీ" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ప్రాణం కుదుటపడింది. కానీ వాడు పడుకోవడం లేదు. మంచం మీద రెండు చేతులూ ముందుకి ఆనించి కూర్చున్నాడు, ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి, డొక్కలు ఎగరేస్తున్నాడు, గొంతు కింద చిన్న గుంటలా లోపలికి పోతోంది. నీళ్లు తాగుతావా నాన్నా అంటే, "వ..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "...ద్దు" అన్నాడు. రెండక్షరాల మాట ఒక్క ఊపిరిలో పలకలేకపోయాడు. నేను లేచి మా ఆయన్ని లేపాను, కారు తీశారు. ఇక్కడ మేం చేసిన పొరపాటు ఒకటుంది, 108కి ఫోన్ చేయాల్సింది, అందులో ఆక్సిజన్ ఉంటుంది, మా కారులో లేదు. దారంతా వాణ్ని నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని పెదాల రంగు చూస్తూనే ఉన్నాను.

రెండుంపావుకి క్యాజువాల్టీలో అడుగుపెట్టాం. ఇక్కడి నుంచి ఈ ఆసుపత్రికి నేను చేతులెత్తి దండం పెడతాను. కౌంటర్‌లో పేరు రాయించండి, డిపాజిట్ కట్టండి అని ఎవరూ అనలేదు. సిస్టర్ ఒకామె వాడి డొక్కలు చూసి, నా చేతుల్లోంచి తీసుకుని, మంచం తల వైపు పైకెత్తి కూర్చోబెట్టి, ఒక చేత్తో ఆక్సిజన్ మాస్కు, ఇంకో చేత్తో వేలికి క్లిప్పు పెట్టింది. క్లిప్పులో ఆక్సిజన్ 86 శాతం చూపించింది. డ్యూటీ డాక్టర్ స్టెత్ పెట్టి రెండు వైపులా విని, వెనక్కి తిరిగి సిస్టర్‌తో అన్న మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది: "గాలే వెళ్లట్లేదు."

అప్పుడు తెలిసింది నాకు, కూతలు ఆగింది తగ్గి కాదు. పిల్లికూత రావాలన్నా ఊపిరి గొట్టాల్లో కొంచెమైనా గాలి కదలాలి. అవి మరీ బిగుసుకుపోతే ఆ చప్పుడు చేసే గాలి కూడా ఉండదు. దీన్ని డాక్టర్లు సైలెంట్ చెస్ట్ అంటారట. ఆస్తమా ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, మిగతాదంతా మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి, బిడ్డ ఆయాసపడుతూనే ఉండి ఛాతీ చప్పుడు మాత్రం ఆగిపోతే, లేదా బిడ్డ మాట్లాడలేక మగతగా అయిపోతే, అది నిద్రపుచ్చే టైమ్ కాదు.

మొదటి గంటలో వాళ్లు చేసినవి ఇవి. ఊపిరి గొట్టాలు తెరిచే మందులు సాల్బుటమాల్, ఇప్రట్రోపియం కలిపి ఇరవై నిమిషాలకొకటి చొప్పున మూడు నెబులైజేషన్లు. క్లినిక్‌లో కూడా నెబులైజరే కదా అంటారేమో, అక్కడ మామూలు గాలితో నడిచే మిషన్, ఇక్కడ నేరుగా ఆక్సిజన్ మీద నడిపారు, అంటే మందు వెళ్తున్నంతసేపూ ఆక్సిజన్ కూడా అందుతోంది. చేతికి కాన్యులా (నరంలో ఉంచే సన్న గొట్టం) పెట్టి స్టెరాయిడ్ ఇంజెక్షన్. అది పని మొదలుపెట్టడానికే కొన్ని గంటలు పడుతుందని, అందుకే ఎంత ముందు ఇస్తే అంత మంచిదని చెప్పారు, ఆ మాట విన్నప్పుడు సాయంత్రం నాలుగింటి క్లినిక్ గుర్తొచ్చి కడుపు మండిపోయింది. మూడో నెబులైజర్ అయ్యాక కూడా పెద్దగా మార్పు లేకపోవడంతో మెగ్నీషియం డ్రిప్ పెట్టారు, బిగుసుకున్న గొట్టాల కండరాన్ని అది వదులు చేస్తుందట, దానితో బీపీ పడిపోయే అవకాశం ఉందని ఐదు నిమిషాలకోసారి బీపీ చూస్తూ ఇరవై నిమిషాల్లో ఎక్కించారు. వాడు ఒళ్లు వేడిగా ఉందమ్మా అన్నాడు, అది ఆ మందు వల్లేనని సిస్టర్ నేను అడగకముందే చెప్పింది.

మూడున్నరకి ఐసీయూకి మార్చారు. ముక్కులో రెండు గొట్టాలు పెట్టి వేడి చేసిన తడి గాలిని ఎక్కువ వేగంతో పంపే హై ఫ్లో మిషన్ పెట్టారు, నెబులైజర్ మాత్రం ఆపకుండా అలా నడుస్తూనే ఉంది. ఐసీయూ డాక్టరమ్మ ఆ రాత్రి లోపలే ఉన్నారు. ఇంటి నుంచి రావడం, ఫోన్‌లో ఆర్డర్లు చెప్పడం కాదు, అక్కడే, ఆ హాల్లోనే, మంచాల మధ్య స్టూల్ వేసుకుని ఉన్నారు. నా మొత్తం రివ్యూలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దీనికే.

రక్త పరీక్ష చేశారు, బ్లడ్ గ్యాస్ అంటారు. అందులో కార్బన్ డయాక్సైడ్ 44 వచ్చింది. మా ఆయన అప్పటికే ఫోన్‌లో వెతికేసి, "35 నుంచి 45 నార్మల్ అంట కదా మేడం, అయితే బానే ఉన్నట్టేనా?" అని ఆశగా అడిగారు. ఆవిడ విసుక్కోలేదు. "చూడండి నాన్నగారూ, బాబు నిమిషానికి 52 సార్లు ఊపిరి తీస్తున్నాడు. అంత వేగంగా తీసే బిడ్డకి అది బాగా తగ్గిపోయి ఉండాలి, ముప్పైకి అటూ ఇటూ. నలభై నాలుగు ఉందంటే అలిసిపోతున్నాడని అర్థం" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, మీరు ఊపిరి నిండా పీల్చండి. వదలకండి. దాని మీద ఇంకొంచెం పీల్చండి. వదలకండి. ఇంకొంచెం" అన్నారు. మూడోసారికి నావల్ల కాలేదు. "మీ బాబు ఛాతీ ఇప్పుడు అలా ఉంది. గాలి లోపలికి ఎలాగోలా పోతోంది, బయటికి రావడమే కష్టంగా ఉంది, పాత గాలి బయటికి రాకుండానే కొత్తది పీలుస్తున్నాడు" అన్నారు. ఐదేళ్లుగా ఆస్తమా బిడ్డకి తల్లినై ఉండి, ఆ జబ్బు లోపలి నుంచి ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

వెంటిలేటర్ గురించి ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. ఆ కాగితం మీద సంతకం పెడుతుంటే నా చేయి నాది కాదనిపించింది. అంత కష్టపడుతుంటే ఇప్పుడే గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టేయొచ్చు కదా అని నేనే అడిగాను. మిషన్ గాలిని లోపలికి తోస్తుంది, ఆస్తమాలో గాలి బయటికి రావడమే సమస్య కాబట్టి ఛాతీ ఇంకా ఉబ్బిపోయి, బీపీ పడిపోవచ్చు, ఊపిరితిత్తి చిల్లుపడి గాలి బయటికి లీకవ్వచ్చు, అందుకే ఆస్తమా పిల్లలకి అది అన్నిటికన్నా చివరి మెట్టు, కానీ అవసరమైతే క్షణం ఆలస్యం చేయం, అన్నీ పక్కనే సిద్ధంగా ఉన్నాయి అని చూపించారు. నిజంగానే మంచం పక్కన ట్రాలీలో వాడి సైజు గొట్టం విప్పకుండా పెట్టి ఉంది. ఆ ట్రాలీని చూడలేక అటు తిరిగి నిలబడ్డాను.

గంట తర్వాత మళ్లీ రక్త పరీక్ష చేస్తే కార్బన్ డయాక్సైడ్ 52. ఎక్స్‌రే తీసి గాలి లీకేమీ లేదని చూసుకుని బైపాప్ పెడదామన్నారు, అంటే ముక్కూ నోరూ కప్పే మాస్కుతో మిషన్ ఊపిరికి సాయం చేయడం. ఆయాసపడే బిడ్డ మొహం మీద గట్టిగా మాస్కు బిగిస్తే ఊరుకుంటాడా? తల అటూ ఇటూ కొట్టుకుంటున్నాడు. ఆ సిస్టర్ చేసిన పని నేను మరిచిపోను. పట్టీలు బిగించకుండా, మాస్కుని వాడి చేతికే ఇచ్చి, "బంగారం, ఇది నీదే, నువ్వే పట్టుకో, నీకు కావాలంటే తీసేయ్" అంది. వాడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. దాని మీద నా చేయి వేయమంది. పది నిమిషాలకి వాడి ఊపిరీ మిషనూ ఒక లయకొచ్చాయి, అప్పుడు వాడికి తెలియకుండానే ఒక్కో పట్టీ తగిలించింది. ఆ పది నిమిషాలూ ఆమె ఇంకో పని పెట్టుకోలేదు.

తెల్లారింది, సంక్రాంతి. వాడి గుండె నిమిషానికి 168 కొట్టుకుంటోంది, వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. అది జబ్బు కాదు, సాల్బుటమాల్ ప్రభావం, దాని వల్ల రక్తంలో పొటాషియం కూడా తగ్గుతుంది కాబట్టి సెలైన్‌లో కలుపుతున్నాం అన్నారు. ఇంకా అవసరమైతే గొట్టాలు తెరిచే టెర్బుటలిన్ లేదా అమైనోఫిలిన్ డ్రిప్ ఉందని చెప్పి ఉంచారు గానీ ఆ అవసరం రాలేదు. ఏడున్నర ప్రాంతంలో నేను వాడి ఛాతీ మీద చేయి వేసి కూర్చుని ఉంటే, సన్నగా చప్పుడు వినిపించింది. పిల్లికూతలు. మళ్లీ మొదలయ్యాయని గుండె ఆగినంత పనైంది, పరిగెత్తి డాక్టరమ్మని పిలిచాను. ఆవిడ స్టెత్ పెట్టి విన్నారు, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, మళ్లీ కుడివైపు. రాత్రి నుంచి మొదటిసారి నవ్వారు. "గాలి కదులుతోందమ్మా" అన్నారు. ఆ కూతల్ని ఐదేళ్లు తిట్టుకున్న దాన్ని, ఆ రోజు అవి వింటూ ఏడ్చాను.

తొమ్మిదికి చేసిన పరీక్షలో కార్బన్ డయాక్సైడ్ 41, మధ్యాహ్నానికి 36. రాత్రికి బైపాప్ తీసి మళ్లీ హై ఫ్లో మీదికి తెచ్చారు, కనుమ రోజు నెబులైజర్ గంటకొకటి, తర్వాత రెండు గంటలకొకటి, ముక్కనుమ నాడు వార్డుకి. యాంటీబయాటిక్ ఎందుకివ్వట్లేదని మా ఆడపడుచు అడిగితే, ఇది వైరస్ జలుబు, దాని మీద పొగ, ఇందులో యాంటీబయాటిక్ చేసేది ఏమీ లేదు అని సూటిగా చెప్పారు. అక్కర్లేని మందు బిల్లులో ఎక్కించని ఆసుపత్రిని చూసి నాకు గౌరవం పెరిగింది.

ఇప్పుడు బాధపడ్డవి.

కింద వెయిటింగ్ హాల్లో దేవుడి పటం ముందు రోజంతా అగరబత్తి వెలుగుతూ ఉంటుంది. భక్తి నాకూ ఉంది, కానీ ఆయాసంతో వచ్చే పిల్లలు కూర్చునే చోట, ఏసీ హాల్లో, తలుపులు మూసి ఆ పొగ ఏమిటండీ? దానికి తోడు గంటకోసారి రూమ్ ఫ్రెషనర్ కొడతారు. వార్డుకి మారిన రోజు స్కానింగ్ కోసం వీణ్ని వీల్‌చైర్‌లో అటుగా తీసుకెళ్తే దగ్గు తెర ఒకటి వచ్చింది, నేను కొంగు అడ్డం పెట్టి తీసుకెళ్లాను.

రెండోది, రాత్రిపూట మందుల చీటీ పట్టుకుని మూడంతస్తులు కిందకి మనమే పరిగెత్తాలి. మేం ఇద్దరం ఉన్నాం కాబట్టి సరిపోయింది, పక్క మంచం బాబుకి తల్లి ఒక్కతే, ఆవిడ బిడ్డని వదల్లేక, చీటీ చేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటే మా ఆయన తెచ్చిచ్చారు. ఐసీయూకి మందులు వాళ్లే పైకి తెప్పించుకోవచ్చు, బిల్లు ఎలాగూ మనకే వేస్తారు కదా.

మూడోది డిశ్చార్జ్. పొద్దున పదికి వెళ్లొచ్చన్నారు, గేటు దాటేసరికి సాయంత్రం ఐదున్నర. ఇన్సూరెన్స్ అప్రూవల్ రాలేదని, వచ్చాక ఫైనల్ బిల్లు ప్రింటవ్వలేదని. ఐసీయూ రోజుకి పద్నాలుగు వేలు, మందులు, పరీక్షలు, వార్డు అన్నీ కలిపి లక్షా ముప్పై ఎనిమిది వేలైంది, అందులో పాతిక వేల పైన మేం కట్టాం. బైపాప్ మాస్కు, గొట్టాలు, గ్లవుజుల లాంటివి ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వరట, ఆ సంగతి మొదటి రోజే చెప్పి ఉంటే చివర్లో టెన్షన్ పడేవాళ్లం కాదు. బిల్లు ఎక్కువని అనడం లేదు, ముందు చెప్పలేదని అంటున్నాను.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఇంటికెళ్లే ముందు వార్డులో సిస్టర్ వచ్చి స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే, మాస్కు ఉన్న ప్లాస్టిక్ గొట్టం) ఎలా వాడాలో రెండు నిమిషాల్లో చూపించేసి అర్థమైందా మేడం అంది, నేను బుర్ర ఊపాను. అర్థం కాలేదు. వారం తర్వాత చెకప్‌కి వెళ్తే ఆస్తమా క్లినిక్‌లో ఒక పెద్ద సిస్టర్, చెప్పడం కాదు, నన్ను చేసి చూపించమంది. మూడు తప్పులు చేశాను. ఇన్‌హేలర్ ఊపకుండా నొక్కాను, రెండు పఫ్‌లు ఒకేసారి కొట్టాను, మాస్కు బుగ్గ దగ్గర ఆనకుండా సందు వదిలేశాను. ఊపాలి, ఒక్క పఫ్ కొట్టాలి, మాస్కు కదలకుండా మామూలుగా ఐదారు ఊపిర్లు తీయనివ్వాలి, మళ్లీ ఊపి రెండోది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. స్పేసర్‌ని సబ్బు నీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి, తుడిస్తే మందు గోడలకి అంటుకుపోతుందట. పోయినేడాది రెండు నెలలు వాడినప్పుడు వాడి గొంతులోకి ఎంత మందు వెళ్లిందో, గాల్లోకి ఎంత పోయిందో ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. ఇంత బాగా నేర్పే మనిషి అదే బిల్డింగ్‌లో ఉన్నప్పుడు డిశ్చార్జ్ రోజే ఆమె దగ్గరికి పంపాలి కదా.

అలవాటు గురించి కూడా ఆమెనే అడిగాను. "కళ్లజోడు అలవాటవుతుందని చూపు సరిగా లేని పిల్లాడికి తీసేస్తామా అమ్మా?" అంది. పీల్చే మందు డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుందని, ఐసీయూలో ఆ మూడు రోజులు ఒంట్లోకి ఎక్కించిన స్టెరాయిడ్‌తో పోలిస్తే అది చాలా తక్కువని లెక్క చెప్పింది. మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు వేయిద్దామని మా మామయ్యగారు అంటున్నారు. పెద్దాయన మనసు నొప్పించలేను, కానీ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాను, దేనికోసమైనా ఇన్‌హేలర్ ఒక్క పూట కూడా ఆపేది లేదని. ఆయన ఒప్పుకున్నారు.

వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసిచ్చారు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని మూడు గళ్లు. బాగున్నప్పుడు ఏ మందు, దగ్గు మొదలైతే నీలం ఇన్‌హేలర్ (వెంటనే తేలికపరిచే సాల్బుటమాల్‌ది) ఎన్ని పఫ్‌లు ఎంతసేపటికోసారి, ఏం కనిపిస్తే డాక్టర్‌కి ఫోన్ చేసి అడగకుండానే బయల్దేరాలి. ఎరుపు గడిలో నేను పెన్నుతో ఒక వాక్యం అదనంగా రాసుకున్నాను, చప్పుడు ఆగితే, అని. ఒక కాపీ మా ఫ్రిజ్ మీద, ఒకటి అత్తయ్య దగ్గర, ఒకటి నీలం ఇన్‌హేలర్, స్పేసర్‌తో కలిపి స్కూల్లో క్లాస్ టీచర్ దగ్గర ఉన్నాయి.

మీ ఊళ్లో పిల్లల ఆసుపత్రి చూసుకోవాలంటే, బిడ్డ బాగున్న రోజే వెళ్లి రెండు అడగండి: రాత్రిపూట ఐసీయూ డాక్టర్ లోపలే ఉంటారా, చిన్నపిల్లల సైజు బైపాప్ మాస్కులు ఉన్నాయా. బిల్డింగ్ ఎంత మెరుస్తోందో నాకు ఇప్పుడు అక్కర్లేదు.

ఇవన్నీ ఆసుపత్రి వాళ్లకి మెయిల్ కూడా పెట్టాను. మొన్న రెండో చెకప్‌కి వెళ్లినప్పుడు చూశాను, హాల్లో పటం ముందు దీపం ఉంది, అగరబత్తి స్టాండు తీసేశారు. రాత్రి మందుల చీటీల గురించి, డిశ్చార్జ్ ఆలస్యం గురించి మాత్రం ఇంకా జవాబు రాలేదు.